కొసకు కొస

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డు దరిదాపుల్లో గాలికే కారం పట్టుకుంటుంది. ఆ దారిన పోయే ఆటోల్లో ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఊరికి కొత్తవాళ్లు తుమ్ముతారు, పాతవాళ్లు వాళ్లని చూసి నవ్వుతారు. లోపల ఎటు చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. తేజ ఒక వరస, 334 ఒక వరస, బ్యాడిగి ఒక వరస, ఓ పక్కగా రంగు పోయి తెల్లబడిన తాలు కాయ ఒక వరస. పల్నాడు పల్లెల నుంచి, ప్రకాశం మెట్టల నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన సరుకు అది. పొద్దుటే నమూనా చూస్తారు, బేరం తెగుతుంది, కాటా అవుతుంది, హమాలీలు లారీకి ఎత్తేస్తారు. సరుకు వెళ్లిపోయాక కొట్టులో మిగిలేది లెక్క.

ఇవాళ్టి మాట ఆ లెక్క గురించే.

ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను ఊహించుకోండి. రోజూ సాయంత్రం ఆయన ఆ రోజు అమ్మకాలను కంప్యూటర్లో ఒక చిన్న ఫైలుగా కొడతాడు. రంగులూ గళ్లూ ఏమీ లేని ఉత్త అక్షరాల ఫైలు, టెక్స్ట్ ఫైలు అంటారే, అది. వరసకో లాటు. లాటు నంబరు, రకం, ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, క్వింటా ఏ ధర, అంతే. రోజుకో ఫైలు చొప్పున సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి యార్డుకు వేసవి సెలవులిచ్చేదాకా వంద దాకా పోగుపడతాయి. సెలవులివ్వగానే యజమాని అడిగే మొదటి మాట: "సీజను మొత్తం ఒక్కచోట చూపించవయ్యా."

గుమాస్తా మొదటి ఫైలు తెరుస్తాడు. మొత్తం నల్లగా మెరిసేలా పట్టుకుని కాపీ కొడతాడు, కొత్త ఫైలులో పేస్టు కొడతాడు. రెండోది తెరుస్తాడు. మూడోది. నలభయ్యో ఫైలు దగ్గర ఫోను మోగుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి ఎవరో. మాట్లాడి వచ్చేసరికి నలభయ్యోది వేశాడో లేదో గుర్తుండదు. వేశాననుకుని వదిలేస్తే ఒక రోజు అమ్మకాలు గల్లంతు. వేయలేదనుకుని మళ్లీ వేస్తే ఒక రోజు రెండుసార్లు. రెండింట్లో ఏది జరిగినా మొత్తం తప్పుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికి మళ్లీ ఓ పూట.

ఈ పూట పనిని ఒక్క వరసలో తేల్చే సాధనం యాభై ఏళ్లకు పైగా కంప్యూటర్లలో ఉంది. దాని పేరుకు ఇంగ్లీషులో మూడే అక్షరాలు: సి, ఏ, టి. పలికితే క్యాట్. పిల్లితో సంబంధం లేదు. గొలుసును లాటిన్‌లో కతేనా అంటారు. గొలుసులో కడియాల్లా ఒకదాని కొసకు ఇంకొకటి చేర్చడాన్ని ఇంగ్లీషువాళ్లు కన్‌క్యాటినేట్ అన్నారు. ఆ పొడుగాటి మాటలోంచి మధ్యన మూడక్షరాలు తుంచి ఆజ్ఞకు పేరుగా పెట్టుకున్నారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థను తయారు చేసిన రోజుల సంగతి ఇది. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ మొట్టమొదటి కరదీపికలోనే క్యాట్ ఉంది. అప్పుడు టైపు కొట్టడానికి వాడింది టెలిటైపు యంత్రం. ఒక్కో అక్షరం నొక్కడానికి వేలికి శ్రమ. ఆజ్ఞల పేర్లు రెండు మూడు అక్షరాల్లో ముగియడానికి అది కూడా ఒక కారణం.

చెవికి మాత్రమే వినపడే రేడియోలో ఆజ్ఞ చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా ప్రయత్నిద్దాం. నల్లటి తెర మీద ముందు క్యాట్ అని కొట్టాలి. ఖాళీ వదిలి మొదటి ఫైలు పేరు. మళ్లీ ఖాళీ వదిలి రెండో ఫైలు పేరు. ఇక్కడితో ఆపి ఎంటర్ నొక్కితే రెండు ఫైళ్లలోని వరసలూ ఒకదాని కింద ఒకటి తెర మీద దొర్లుతాయి. చూడటం వరకే అయితే పని అయిపోయినట్టే. దాచుకోవాలంటే ఎంటర్ నొక్కకముందు లెక్కల్లో "కంటే పెద్దది" అని వాడే గుర్తు ఒకటి వేసి, కొత్త ఫైలు పేరు రాయాలి. అప్పుడు తెర మీద ఏమీ కనపడదు. వరసలన్నీ ఆ గుర్తు చూపించిన వైపు, కొత్త ఫైలులోకి వెళ్లి పడతాయి. పాత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వంద ఫైళ్లున్నా వంద పేర్లు రాయక్కర్లేదు. నక్షత్రం గుర్తు ఒకటి పెడితే "ఇక్కడున్నవన్నీ" అని అర్థం.

పేరేమీ రాయకుండా క్యాట్ అని మాత్రం కొట్టి ఎంటర్ నొక్కితే ఏమవుతుంది? కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ ఒకసారి ఈ పొరపాటు చేస్తారు. తెర నిశ్శబ్దంగా నిలబడిపోతుంది. కంప్యూటరు ఆగిపోయిందని కంగారు పడతారు. అది ఆగలేదు, మీరేం చెబుతారా అని వింటోంది. "మిర్చి" అని కొట్టి ఎంటర్ నొక్కితే తిరిగి "మిర్చి" అంటుంది. "పత్తి" అంటే "పత్తి". పేరు పిల్లిది, పని చిలకది. కంట్రోల్ మీటతో పాటు డి నొక్కితే చిలక నోరు మూస్తుంది.

మన ఇంజనీరింగు కాలేజీల పిల్లలకు ఇదేమీ కొత్త కాదు. జేఎన్టీయూ లైనక్స్ ల్యాబులో క్యాట్‌ను వాడటమే కాదు, ఓపెన్, రీడ్, రైట్ అనే మూడు పిలుపులతో సి భాషలో సొంతంగా ఒక క్యాట్ రాసి చూపించమనేది పాత అభ్యాసం. రికార్డు పుస్తకంలో పేజీన్నర పడుతుంది. 1979లో వచ్చిన ఏడో యూనిక్స్‌లోని అసలు క్యాట్ కూడా వంద వరసలు లేదు. ల్యాబు పరీక్ష అయ్యాక ఆ రికార్డుతో పాటే క్యాట్ కూడా అటక ఎక్కడం విచారకరం. అదే పిల్లవాడి నాన్న కొట్టులో వంద ఫైళ్లు ఒక్కొక్కటే కాపీ కొడుతూ ఉంటారు.

ఇక అతుకు సంగతి. అసలు రుచి ఇక్కడుంది.

తెలుగు చదువుకున్నవాళ్లకు రెండు మాటలు కలవడమంటే సంధి గుర్తొస్తుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. మధ్యలో ఉకారం ఒకటి మాయమైంది. సంధిలో ఏదో ఒకటి జరుగుతుంది: ఓ అక్షరం పోతుంది, ఓ అక్షరం వచ్చి చేరుతుంది, లేదా ఒకటి పోయి దాని చోట ఇంకొకటి కూర్చుంటుంది. క్యాట్ వ్యాకరణంలో లోపం లేదు, ఆగమం లేదు, ఆదేశం లేదు. మొదటి ఫైలు చివరి అక్షరం తర్వాత రెండో ఫైలు మొదటి అక్షరం, అంతే. మధ్యన ఖాళీ కూడా తనంతట తాను వేయదు. దీనివల్ల వచ్చే చిక్కును దగ్గర్నుంచి చూడాలి. గుమాస్తా సోమవారం ఫైలులో ఆఖరి వరస కొట్టి, చివర ఎంటర్ నొక్కకుండా దాచేశాడనుకుందాం. ఆఖరున ధర 13500 అని ఉంది. మంగళవారం ఫైలు లాటు నంబరు 1తో మొదలవుతుంది. రెండూ కలిస్తే ఆ చోట 13500 పక్కనే 1 అంటుకుని 135001 అవుతుంది. క్వింటా మిర్చి లక్షా ముప్పై అయిదు వేలు! గుంటూరు యార్డు చరిత్రలో లేని ధర. ఆ రైతు ఎవరో గాని అదృష్టవంతుడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని సగటు ధర లెక్క కట్టేటప్పుడు ఇలాంటి వరస ఒక్కటి చాలు, మొత్తం తలకిందులు కావడానికి. అందుకే అలవాటున్నవాళ్లు ఫైలు చివర ఒక ఎంటర్ తప్పకుండా నొక్కుతారు. క్యాట్‌కు ఎన్ అనే చిన్న సూచన జోడిస్తే ప్రతి వరసకూ ముందు అంకె వేసి చూపిస్తుంది. అతికిన తర్వాత వరసలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయా అని ఆ అంకెలతో సరిచూసుకోవచ్చు.

కొసకు కొస అతకడం వేరు, పక్కపక్కన చేర్చడం వేరు. ఈ తేడా గుంటూరు, చిలకలూరిపేట దారుల్లోని స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ డ్రా ఫ్రేము దగ్గర దూది తాళ్లు, స్లివర్లంటారు, ఆరో ఎనిమిదో పక్కపక్కనే మరలోకి వెళ్లి సాగి సాగి ఒక్కటిగా బయటికొస్తాయి. ఒకచోట సన్నం, ఒకచోట లావు ఉన్నవి కలిసి సమం అవుతాయి. అది డబ్లింగు. తర్వాత రింగు ఫ్రేము మీద నూలు తెగిందనుకోండి, పనిచేసే అమ్మాయి తెగిన కొసను పట్టుకుని రెండో కొసకు అతుకుతుంది. అది పీసింగు. యూనిక్స్‌లో పీసింగు చేసేది క్యాట్. డబ్లింగుకు వేరే ఆజ్ఞ ఉంది, దాని పేరు పేస్ట్. ఒక ఫైలులో రైతుల పేర్లు, ఇంకో ఫైలులో వాళ్ల పత్తి తేమ శాతాలు అదే వరసలో ఉంటే, పేరు పక్కన తేమ రావాలంటే పేస్ట్ వాడాలి. క్యాట్ వాడితే ముందు పేర్లన్నీ వచ్చి, కింద ఎక్కడో తేమలన్నీ వస్తాయి. పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సరుకే వెనక్కి. ఎవరి తేమ ఎవరిదో తెలియని పట్టిక ఎవరికీ పనికిరాదు.

వరస క్రమం గురించి కూడా క్యాట్ ఏమీ ఆలోచించదు. చెప్పిన క్రమంలో అతుకుతుంది. నక్షత్రం గుర్తు పెట్టినప్పుడు క్రమాన్ని చెప్పేది మనిషి కాదు, షెల్ అనే మధ్యవర్తి. దానికి తెలిసింది నిఘంటువు వరస ఒక్కటే. మనం తేదీ రాసేటప్పుడు రోజు, నెల, ఏడాది అని రాస్తాం. ఫైళ్లకు కూడా అలాగే పేర్లు పెడితే ఫిబ్రవరి ఒకటి, మార్చి ఒకటి, ఏప్రిల్ ఒకటి, అన్ని నెలల ఒకటో తారీకులూ ముందు చేరతాయి. తర్వాత రెండో తారీకులన్నీ. సీజను మొత్తం పేకముక్కలు కలిపినట్టు కలిసిపోతుంది. పోనీ తెలుగు నెలల పేర్లు పెడదామా అంటే అది ఇంకా విచిత్రం. అకారాది వరసలో ముందు ఆశ్వయుజం వస్తుంది, తర్వాత ఆషాఢం, తర్వాత కార్తీకం. ఉగాది నెల చైత్రానిది నాలుగో స్థానం. శ్రావణం అన్నిటికన్నా ఆఖరు. పంచాంగకర్తలు వింటే చెవులు మూసుకుంటారు. మందు తేలికే: ముందు ఏడాది, తర్వాత నెల రెండంకెల్లో, తర్వాత రోజు రెండంకెల్లో. 2025, 02, 07. ఇలా పెడితే నిఘంటువు వరసా క్యాలెండరు వరసా ఒక్కటే అవుతాయి. పాత పుస్తకాల పేజీలను స్కాను చేసి పేజీకో ఫైలుగా అక్షరాలు తీసేవాళ్లకూ ఇదే తంటా. 1 తర్వాత 10, 11 వచ్చి, 2 ఎక్కడో వెనకపడుతుంది. తాటాకు పుస్తకాల కాలంలో ఆకులకు అంకెలు వేసి దారం గుచ్చేవాళ్లు ఈ బాధ ఎరుగుదురు. దారం తెగితే కావ్యం కలగాపులగం.

ఇప్పటిదాకా చెప్పినవి సర్దుకోగలిగిన తప్పులు. సర్దుకోలేనిది ఒకటుంది. జనవరి ఫైలుకు ఫిబ్రవరి ఫైలును కలపాలి. కొత్త పేరు ఎందుకు, జనవరిలోనే కలిపేద్దాం అనుకుని, క్యాట్ జనవరి ఫిబ్రవరి, "కంటే పెద్దది" గుర్తు, మళ్లీ జనవరి అని కొట్టారనుకోండి. వినడానికి సబబుగానే ఉంది. జరిగేది వేరు. ఆ గుర్తును చూసిన వెంటనే, క్యాట్ ఇంకా నిద్ర లేవకముందే, షెల్ వెళ్లి జనవరి ఫైలును ఖాళీ చేసి సరుకు దింపడానికి సిద్ధంగా పెడుతుంది. తర్వాత క్యాట్ వచ్చి జనవరి తెరిస్తే లోపల ఏముంటుంది? గోదాం ఊడ్చి పెట్టి ఉంటుంది. ఇక ఫిబ్రవరిని తెచ్చి జనవరిలో పోస్తుంది. ఆఖరికి జనవరి పేరుతో ఉన్నదీ ఫిబ్రవరే. జనవరి లెక్క ఎక్కడా లేదు. చెత్తబుట్టలో కూడా దొరకదు.

ఇందులో క్యాట్ తప్పేమీ లేదని యూనిక్స్ పాతకాపులు వాదిస్తారు. నిజమే, తప్పు షెల్‌కు మనం ఇచ్చిన ఆజ్ఞది. కాని నెల రోజుల లెక్క పోగొట్టుకున్న గుమాస్తాకు ఆ వాదం ఓదార్పు కాదు. పాత ఫైలు చివరకు కొత్త సరుకు చేర్చాలంటే "కంటే పెద్దది" గుర్తును ఒకటికి రెండు వేయాలి. రెండు గుర్తులుంటే షెల్ ఊడ్చదు, ఉన్నదాని తర్వాత పేరుస్తుంది. ఒక్క మీట తేడా. వేలు జారే భయం ఉన్నవాళ్లు బ్యాష్ షెల్‌లో నోక్లాబర్ అనే కట్టడి పెట్టుకోవచ్చు. అది ఉంటే అప్పటికే ఉన్న ఫైలు మీద ఒంటి గుర్తుతో పోస్తానంటే షెల్ ఒప్పుకోదు.

తెలుగులో రాసిన ఫైళ్లను క్యాట్ అతుకుతుందా? ఈ ప్రశ్న వెనక చక్కని కథ ఉంది.

"మిర్చి" అనే మాటను కంటితో చూస్తే అక్షరాలు రెండే. కంప్యూటరు లోపల అవి ఆరు ముక్కలు: మ, దాని గుడి, ర, పొల్లు, చ, దాని గుడి. ఒక్కో ముక్కకు మూడు బైట్లు చొప్పున మొత్తం 18 బైట్లు. ఇలా దాచే పద్ధతి పేరు యూటీఎఫ్-8. దాన్ని 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం బల్ల మీద, కంచం కింద వేసే కాగితం మీద గీసి రూపొందించినవాళ్లు ఇద్దరు. ఒకరు రాబ్ పైక్. రెండోవారు ఎవరో కాదు, యూనిక్స్ పుట్టించిన కెన్ థాంప్సనే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ అక్షరాలు పాత యూనిక్స్ సాధనాల గుండా చెడకుండా ప్రవహించడానికి దారి వేసింది ఆ కంచం కింది కాగితం. క్యాట్‌కు తెలుగు రాదు. ఇంగ్లీషూ రాదు. దానికి తెలిసింది బైట్లు మాత్రమే, వచ్చినవి వచ్చినట్టు అవతలికి పంపడమే. భాష రాకపోవడమే ఇక్కడ మేలైంది. 1971 నాటి సాధనం తెలుగు ఫైలును ఒక్క గుడి, ఒక్క దీర్ఘం పోకుండా అతికి ఇస్తుంది.

ఆ రాబ్ పైక్‌కే క్యాట్ మీద ఒక తగాదా ఉంది. బర్కిలీ విశ్వవిద్యాలయంవాళ్లు క్యాట్‌కు కొత్త సూచనలు తగిలించారు. అందులో వి అనేది ఒకటి: తెర మీద మామూలుగా కనపడని గుర్తులను కనపడే రూపంలో చూపించమని. 1983లో యూసెనిక్స్ అనే యూనిక్స్‌వాళ్ల సభలో పైక్ దీని మీద ప్రసంగించాడు. ఫైళ్లను అతికే పనికీ కనపడని గుర్తులను చూపించే పనికీ సంబంధం ఏమిటి, రెండో దానికి వేరే ఆజ్ఞ రాసుకోవాలి గాని అన్నీ ఒక్కదాని నెత్తిన రుద్దడమేమిటి అన్నది ఆయన అభ్యంతరం. అది ఇంగ్లీషువాళ్ల పంతంలా కనిపించవచ్చు. తెలుగు ఫైలు మీద ఆ వి సూచన ఒకసారి వాడి చూస్తే పైక్ బాధ మనకూ అర్థమవుతుంది. "మిర్చి" బదులు ఎం అనే ఇంగ్లీషు అక్షరం, అడ్డగీత, ఏదో ఒక గుర్తు, ఇలా 18 సార్లు తెర నిండా పరుచుకుంటాయి. ఆ మాట మిర్చి అని బ్రహ్మకు కూడా తెలియదు.

యూనికోడ్ రాకముందు డీటీపీ కేంద్రాల్లో కొట్టిన తెలుగుకు మాత్రం వేరే చిక్కు. అప్పటి అను లాంటి ఫాంట్లలో కొట్టినది లోపల ఇంగ్లీషు సంకేతాలుగా ఉంటుంది, పైన తొడుగు మాత్రం తెలుగు. అలాంటి ఫైలును యూనికోడ్ ఫైలుతో అతికితే క్యాట్ అభ్యంతరం చెప్పదు. ఫలితంలో సగం తెలుగు, సగం అర్థంకాని గుర్తులు. తేజ టిక్కీలో తాలు కాయ కలిపినట్టు. ముందు రెండింటినీ ఒక్క పద్ధతిలోకి మార్చుకున్నాకే అతకాలి.

ఫైళ్లు అతకడంతో పని అయిపోతే ఇంత కథ ఎందుకు? అతికినదాన్ని ఇంకో సాధనానికి అందించవచ్చు, అక్కడుంది బలం. బెల్ ల్యాబ్స్‌లోనే డగ్లస్ మెకిల్‌రాయ్ అనే పెద్దమనిషి 1964లో ఒక కాగితం మీద తన కోరిక రాసుకున్నాడు: తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి మర బిగించి పొడిగించినట్టు ప్రోగ్రాములను కూడా బిగించగలిగితే బాగుండునని. ఆ కోరిక తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1973లో థాంప్సన్ యూనిక్స్‌లో ఆ ఏర్పాటు చేశాడు. దానికి పేరు పైపే. బోరు నుంచి మిరప తోట దాకా పైపు ముక్కలు చేర్చి నీళ్లు మళ్లించే ప్రకాశం రైతుకు ఈ ఆలోచన ఒక్క క్షణంలో బోధపడుతుంది. పొడుగాటి నిలువు గీత ఒకటి వేస్తే క్యాట్ వదిలిన వరసలు తెర మీదకు పోకుండా పక్క ఆజ్ఞలోకి పారతాయి. గ్రెప్ అనే ఆజ్ఞకు "తేజ" అని చెప్పి దాని లోపలికి పారిస్తే తేజ లాట్లు మాత్రమే మిగులుతాయి. సార్ట్‌కు ధర ఎక్కడుందో చెప్పి ఇస్తే ధరల వారీగా పేర్చి ఇస్తుంది. హెడ్ అంటే మొదటి పది వరసలు, టెయిల్ అంటే చివరి పది. సాగర్ కుడి కాలువ కింద టెయిలెండ్ భూములున్నవాళ్లకు ఆ చివరి మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే కాలువలా కాకుండా ఇక్కడ చివరి వరస దాకా మొత్తం చేరుతుంది.

ఒక్క ఫైలే ఉన్నప్పుడు క్యాట్‌తో పారించి గ్రెప్‌కు ఇవ్వడం దండగ, గ్రెప్‌కే నేరుగా ఫైలు పేరు చెప్పొచ్చు గదా అని తెలిసినవాళ్లు ఎగతాళి చేస్తారు. దానికి "పనికిమాలిన క్యాట్ వాడకం" అని ఒక ఉత్తుత్తి బిరుదు కూడా ఉంది. ఆ ఎగతాళిని నేర్చుకునేవాళ్లు పట్టించుకోనక్కర్లేదు. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయేవాడికి ముందు సరుకు, తర్వాత జల్లెడ ఉంటేనే తేలిక. అరసెకను ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఇదంతా కొట్టు గుమాస్తాకే అనుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి గొడవైనప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల దాకా వర్తిస్తుందని ప్రకటించింది. ఆ ధర న్యాయమా కాదా అని వాదించాలంటే అంతకుముందు ఏళ్ల ధరలు పక్కన పెట్టుకోవాలి. నల్ల తామర పురుగు తోటలను ఊడ్చేసిన 2021-22 సీజను ధరలు, ఆ తర్వాత కొరతతో ఎగిసిన ధరలు, మళ్లీ పడినవి, అన్నీ ఒకే వరసలో కనపడాలి. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల వారీగా, రకాల వారీగా కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు తేదీలతో సహా దొరుకుతాయి. విడివిడిగా దించుకున్న ముక్కలను అతికేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ప్రతి ఫైలు నెత్తిన "తేదీ, రకం, కనిష్ఠం, గరిష్ఠం" అని తలవరస ఒకటుంటుంది. క్యాట్ దాన్ని కూడా సరుకే అనుకుంటుంది. పన్నెండు ఫైళ్లు అతికితే పన్నెండు తలలు. రావణుడికే పది. మొదటి ఫైలును మొత్తంగా, మిగతావాటిని టెయిల్‌తో రెండో వరస నుంచి తీసుకుని అతికితే ఒక్క తలే నిలుస్తుంది.

రకాల పేర్ల దగ్గర మాత్రం ఏ ఆజ్ఞా ఆదుకోదు. లాం ఫారంగా అందరూ పిలిచే వ్యవసాయ పరిశోధన కేంద్రం 1922 నుంచి ఉంది. అక్కడి మిరప రకాల వరసలో వచ్చిన ఎల్‌సీఏ 334ను ఒక గుమాస్తా 334 అని, ఇంకొకరు ఎల్‌సీఏ అని, మరొకరు సన్నం అని కొడితే అతికిన ఫైలులో ఒకే కాయ మూడు రకాలుగా నిలబడుతుంది. కొట్టులో అందరూ ఒక్క పేరే వాడాలని ముందే మాట అనుకోవాలి. ఆ పని మనుషులదే.

క్యాట్ కావాలంటే ఏదీ కొనక్కర్లేదు. లైనక్స్ ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ, ఆపిల్ మ్యాక్‌లోనూ అది ముందే ఉంటుంది. విండోస్ పాత కమాండ్ తెరలో టైప్ అనే ఆజ్ఞ చూపించే పని చేస్తుంది, కాపీ అనే ఆజ్ఞలో ఫైళ్ల మధ్య కూడిక గుర్తు పెడితే అతుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అక్కడ కూడా ఇదే క్యాట్ దొరుకుతుంది. తేదీలు తిరగేసి, కొత్తవి పైకి రావాలంటే లైనక్స్‌లో క్యాట్‌ను వెనక నుంచి రాసి ట్యాక్ అని కొట్టాలి. ఆఖరి వరస ముందొస్తుంది.

ఈ రాత్రే ప్రయత్నించాలనుకునేవాళ్లు ముందు అసలు ఫైళ్లన్నిటికీ ఒక నకలు తీసి పెన్‌డ్రైవులో వేసుకోండి. రెండు చిన్న ఫైళ్లతో మొదలుపెట్టండి. ఎంటర్ నొక్కబోయే ముందు "కంటే పెద్దది" గుర్తుకు కుడిపక్కనున్న పేరును పైకి చదవండి. ఆ పేరుతో ఇప్పటికే ఫైలు ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.